నాలుగు ప్లగ్గుల కథ

"నడుస్తోందిగా, కెలకొద్దు". పాత కోడ్ జోలికెళ్ళినప్పుడల్లా మనందరం వినే మాటే ఇది. ఇంజన్ షెడ్లలో కూడా ఇదే జబ్బు ఉందండీ. బ్లాకు మొత్తం ఊడదీస్తారు, పిస్టన్లు మారుస్తారు, క్రాంకు గ్రైండింగుకి పంపుతారు. ఆయిల్ గ్యాలరీ చివర్లలో ఉండే చిన్న చిన్న ప్లగ్గుల్ని మాత్రం ముట్టుకోరు. అడిగితే "అవి రావు సార్, గాలి కొట్టేశాం, చాల్లే" అంటారు.

చాలదు. గ్యాలరీ అంటే బ్లాకు పొడుగునా వేసిన బెజ్జం. దాంట్లోంచి ఒక్కో బేరింగుకీ ఒక్కో పాయ చీలి ఆయిల్ వెళ్తుంది. ప్లగ్గుకీ చివరి పాయకీ మధ్య ఒక మూల మిగిలిపోతుంది చూడండి, మడ్డి, ఇనప పొడి చేరేది అక్కడే. గాలి కొడితే అది దగ్గర్లో ఉన్న పాయలోంచి బయటికి పోతుంది గానీ ఆ మూలకి పోదు. తర్వాత కొత్త ఆయిల్ వేడెక్కి ఆ మడ్డిని కదిలిస్తే, తిన్నగా కొత్త బేరింగుల్లోకే. ఫిల్టరు ఉందిగా అంటారా? గ్యాలరీ ఉండేది ఫిల్టరు తర్వాత!

మా బాబాయి ట్రాక్టరు 1980ల నాటిది. 2022లో టౌన్లో ఒక షెడ్డులో ఇంజన్ చేయించాడు, అప్పు తెచ్చి. ఒక్క సీజన్ తిరక్కుండానే బేరింగులు గీసుకుపోయాయి. దుక్కికి బయటి ట్రాక్టర్ని కిరాయికి తెచ్చుకున్నాడు పాపం. 2024లో మళ్ళీ దింపాల్సొస్తే ఈసారి వేరే మేస్త్రీని పట్టుకున్నాం. నేనూ సెలవు పెట్టి వెళ్ళాను (మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్లో పడ్డ బాపతు మరి).

ఆ ప్లగ్గులు ఎందుకు రావంటే, వాటి మరలు ఏటవాలుగా ఉంటాయి, పదహారుకి ఒకటి చొప్పున. లోపలికి పోయేకొద్దీ బిగుస్తాయి. పైగా తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నలభై ఏళ్ళు అలా ఉంటే ఇంకేం కదుల్తుంది?

మేస్త్రీ ముందు పానా పట్టలేదు. పంచి పెట్టి సుత్తితో నిటారుగా నాలుగు దెబ్బలేశాడు, తుప్పు పగలడానికి. తర్వాత గ్యాస్ మంటతో ప్లగ్గుని ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చాడు. కాలిన ప్లగ్గు వ్యాకోచిద్దామంటే చుట్టూ ఉన్న మందపాటి పోత ఇనుము చోటివ్వదు. మెత్తబడి ఉంది కాబట్టి అదే నొక్కుకుపోతుంది. చల్లారాక ముందుకంటే కాస్త సన్నబడుతుంది. థర్మల్ స్ట్రెస్ లెక్కలు పరీక్షల్లో ఎన్ని చేశానో, ఇది మాత్రం ఎవరూ చూపించలేదు! ఇంకా వేడిగా ఉండగానే కొవ్వొత్తి ఆనించాడు, మైనం కరిగి మరల్లోకి దిగిపోయింది. నీళ్ళు పోస్తే త్వరగా చల్లారుతుందిగా అన్నాను. "బ్లాకు పగుల్తది బాబూ" అన్నాడు. పానా వేశాక కూడా ముందు కాస్త బిగించి, ఆ తర్వాతే వదులు చేశాడు. మూడు వచ్చేశాయి.

నాలుగోదాని చదరపు గుంట అరిగిపోయింది. విరిగిన బోల్టులు తీసే ఎక్స్‌ట్రాక్టరు వాడదామా అంటే వద్దన్నాడు. అది గట్టి ఉక్కు, లోపల విరిగిందా మామూలు డ్రిల్లు దాన్ని కొయ్యలేదు. ప్లగ్గు మీద ఒక నట్టు పెట్టి, మధ్యలో వెల్డింగు నింపాడు. పట్టుకోడానికి తల వచ్చింది, వెల్డింగు వేడి ఎలాగూ ఉంది. మొదటి నట్టు పుటుక్కున ఊడింది. రెండోదానికి కిర్రుమంటూ తిరిగింది.

దాని వెనకాల నల్లటి ముద్ద, తళతళలాడే పొడితో. మేస్త్రీ వేలితో తీసి చూపించాడు. బాబాయి కాసేపు చూసి "దీనికట్రా నేను రెండుసార్లు అప్పు చేసింది" అన్నాడు.

పొడుగు బ్రష్షుతో డీజిల్ పోసి గ్యాలరీ అంతా తోమారు. కొత్త ప్లగ్గులేశారు. ప్లగ్గుల పనికి విడిగా ఒక రోజు కూలీ అడిగాడు మేస్త్రీ. మా మావయ్య బేరం మొదలెట్టబోతే బాబాయే ఆపి, అడిగినంతా ఇచ్చేశాడు.