తడి గాలిలో శుభలేఖ

అటు గౌతమి, ఇటు వశిష్ఠ, దిగువన సముద్రం. కోనసీమలో గాలికీ తడి ఎక్కువే. శ్రావణమాసంలో అమలాపురంలోని ఓ చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సుకి వెళ్తే ఆ సంగతి కాగితమే చెప్పింది.

ఆఫ్‌సెట్ ప్లేటు చదునుగా ఉంటుంది. అక్షరం ఉన్నచోట జిడ్డు సిరా అంటుకుంటుంది. లేనిచోట నీటి పొర సిరాని రానివ్వదు. ఆ అచ్చు ముందు రబ్బరు బ్లాంకెట్ మీదకి, అక్కణ్నుంచి కాగితం మీదకి దిగుతుంది. అందుకే ప్లేటు మీద అక్షరాలు తిన్నగానే కనిపిస్తాయి. పాత సీసం అచ్చుల్లా తిరగేసి చదవక్కర్లేదు!

ఇక్కడిది ఒక్క రంగు మిషను. శుభలేఖ మీది వినాయకుడి కోసం నీలం, ఎరుపు, పసుపు, నలుపు... కాగితం నాలుగుసార్లు లోపలికెళ్లాలి. మధ్యలో వాన పట్టుకుంటే కాగితం తడి పీల్చి వెంట్రుకవాసి సాగుతుంది. ఆ రోజు అదే జరిగింది. వినాయకుడి తొండం పక్కన ఎర్రటి నీడ!

పెళ్లికి పన్నెండు రోజులే ఉంది. ‘పేర్లు బానే పడ్డాయి కదండీ, ఇచ్చేయండి’ అన్నారు పిల్ల తండ్రి. ఆపరేటరు ఒప్పుకోలేదు. ‘దేవుడి బొమ్మండీ’ అంటూ ఆ కట్ట పక్కన పెట్టేసి, కొత్త కాగితం విప్పి మిషను గదిలోనే పరిచాడు.

‘ఈ గాలికి అలవాటు పడాలండీ. రేపు పొద్దున మొదలెడదాం.’

‘ఆయ్’ అంటూ ఆయన గొడుగు తీసుకున్నారు.