గరాజికి నాలుగో వైరు ఎందుకు?

అమెరికాలో పాత ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామందికి ఈ సమస్య వస్తుంది. గరాజి ఇంటికి అంటుకుని ఉండదు, పెరట్లో విడిగా ఉంటుంది. లోపల ఒక బల్బు, ఒక ప్లగ్గు, అంతే. ఎలక్ట్రిక్ కారు కొన్నాక అది చాలదు. మాది ఒహాయోలో 1950ల నాటి ఇల్లు, ఇంటి ప్యానెల్ నుంచి గరాజికి 70 అడుగులు. ఆ 70 అడుగుల కోసం నేను చదివినంత కరెంటు ఇంజినీరింగ్ నాలుగేళ్ళలో కూడా చదవలేదు :)

మొదట వచ్చిన హ్యాండీమ్యాన్‌కి మనవాళ్ళలో "చవగ్గా చేస్తాడు" అని పేరు. ఆయన ఏమన్నాడంటే, మూడు వైర్లు చాలు, గరాజి దగ్గర భూమిలో ఒక రాడ్డు కొడితే ఎర్తింగ్ అయిపోతుంది, పర్మిట్ డబ్బులు దండగ. మిత్రులు కూడా "ఎవడు చూడొచ్చాడు" అన్నారు. అప్పుడు ఊర్నుంచి వచ్చి ఉన్న మా నాన్న కూడా ఆయన పక్షమే. గుంటూరు దగ్గర మా ఇంట్లో ఎర్తింగ్ అంటే గొయ్యి తవ్వి పైపు పాతి, బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలంలో బిందెడు నీళ్ళు పోయడం. "భూమికి కలిపితే ఎర్తే కదరా, ఇంటిదాకా మళ్ళీ ఇంకో వైరు దేనికి?" అన్నారు. మంచి ప్రశ్నే. లెక్క వేస్తే గానీ జవాబు దొరకదు.

ఇక్కడ ఇంట్లోకి వచ్చేవి రెండు ఫేజు వైర్లు, ఒక న్యూట్రల్. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 120 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 240. గరాజికి వెళ్ళాల్సిన నాలుగోది గ్రౌండ్ వైరు. మామూలు రోజుల్లో అందులో కరెంటే పారదు. అందుకే అది దండగ ఖర్చులా కనిపిస్తుంది.

ఇప్పుడు గరాజిలో ఫేజు వైరు ఊడి ఏదో మిషను ఇనప బాడీకి తగిలిందనుకోండి. గ్రౌండ్ వైరు లేదు, రాడ్డు మాత్రమే ఉంది. రాడ్డుకీ భూమికీ మధ్య నిరోధం 25 ఓములుంటే మంచి రాడ్డు కిందే లెక్క. 120ని 25తో భాగించండి, 4.8 ఆంపియర్లు. 20 ఆంపియర్ల బ్రేకరు దానికి కదలనైనా కదలదు. బాడీ అలా కరెంటుతోనే ఉంటుంది, ఎవరో ఒకరు ముట్టుకునేదాకా. అదే గ్రౌండ్ వైరు ఉంటే కరెంటు దాని గుండా ఇంటి ప్యానెల్‌కి, అక్కడ్నుంచి న్యూట్రల్‌కి చేరుతుంది. దారిలో నిరోధం దాదాపు లేదు కాబట్టి వందల ఆంపియర్లు పారి బ్రేకరు వెంటనే పడిపోతుంది. రాడ్డు ఉండాల్సిందే, కానీ అది ప్రధానంగా పిడుగుల కోసం.

"అయితే న్యూట్రల్‌నే బాడీకి కలిపేస్తా" అంటాడు హ్యాండీమ్యాన్. నిజానికి ఒకప్పుడు అలాగే చేసేవారు. కొన్ని షరతులతో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ కూడా ఒప్పుకునేది. 2008 ఎడిషన్ నుంచి కొత్త పనులకి ఒప్పుకోవట్లేదు. మట్టిలో ఆ న్యూట్రల్ ఎప్పుడైనా తెగితే? గరాజిలో 1500 వాట్ల హీటరు ఆన్‌లో ఉంటే, దాని గుండా వచ్చిన కరెంటుకి రాడ్డు తప్ప వేరే దారి లేదు. హీటరు 9.6 ఓములు, రాడ్డు 25. ప్యానెల్ డబ్బా, షట్టరు మోటారు, అక్కడున్న ఇనుమంతా సుమారు 87 వోల్టులకి లేస్తుంది. పారేది మూడున్నర ఆంపియర్లే కాబట్టి బ్రేకరుకి అంతా బాగానే ఉన్నట్టే!

మా నాన్న కాగితం మీద ఈ లెక్క చూసి, "సరే, నాలుగు వేయించు" అన్నారు.

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో, పర్మిట్‌తోనే చేయించాం. తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే ఉచితంగా వచ్చి జెండాలు పాతారు: ఎరుపు కరెంటు, పసుపు గ్యాసు, నీలం నీళ్ళు. ప్లాస్టిక్ పైపులో వైర్లు వేస్తే పైన 18 అంగుళాల మట్టి ఉండాలి, పైపు లేకుండా కేబుల్ నేరుగా పాతితే 24. కారు ఛార్జింగ్ గంటల తరబడి సాగే లోడు కాబట్టి దాని కరెంటుకి 125 శాతం బ్రేకరు ఉండాలి. 48 ఆంపియర్ల ఛార్జరుకి 60 బ్రేకరు, 32కి 40. నేను 32 ఆంపియర్లదే తీసుకున్నా. రోజుకి 40 మైళ్ళు తిరిగే కారు దాంతో రెండు గంటల్లో నిండిపోతుంది. రాత్రంతా నిలబడి ఉండే కారుకి ఇంకా పెద్దది ఎందుకు చెప్పండి?

ఇన్‌స్పెక్టరు వచ్చి ఉన్నది పదిహేను నిమిషాలు. గరాజి ప్యానెల్ తెరిచి, న్యూట్రల్ బారుని డబ్బాకి కలిపే ఆకుపచ్చ స్క్రూ తీసేయలేదని చూపించాడు. న్యూట్రల్, గ్రౌండ్ కలవాల్సింది ఇంటి మెయిన్ దగ్గర ఒక్కచోటే. గరాజిలో కూడా కలిస్తే నాలుగు వైర్లు వేసిన ప్రయోజనమే పోయి, న్యూట్రల్‌లో తిరిగి వెళ్ళాల్సిన కరెంటులో కొంత గ్రౌండ్ వైరులోనూ పారుతూ ఉంటుంది. ఎలక్ట్రీషియన్ అక్కడికక్కడే తీసేశాడు. ఆ స్క్రూతో కూడా దీపాలు వెలిగాయి, కారు ఛార్జయింది. మన భాషలో చెప్పాలంటే టెస్టులన్నీ పాసయ్యాయి. తప్పు రెండో మనిషి కళ్ళకే దొరికింది. రోజూ కోడ్ రివ్యూ లేకుండా ఒక్క లైను కూడా లోపలికి రానివ్వని మనమే, పిల్లలు తిరిగే చోట కరెంటు పనికి మాత్రం "ఎవడు చూడొచ్చాడు" అనుకోవడం నాకు అర్థం కాదు.

ఇది అమెరికా గోల అనుకోకండి. హైదరాబాద్‌లో మా కజిన్ ఉండే అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు నుంచి సెల్లార్‌కి స్కూటరు ఛార్జింగ్ కోసం వైర్లు వేలాడుతున్నాయి. కొన్నింటిలో ఎర్త్ వైరే లేదు. మన దగ్గర వెళ్ళిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ 30 మిల్లీఆంపియర్లు తేడా వస్తే పడిపోయే ఆర్సీసీబీ దొరుకుతుంది. వైరు లాగేవాడిని రెండే అడగండి: ఎర్త్ వైరు మెయిన్ బోర్డు దాకా వెళ్తోందా, ఆర్సీసీబీ ఉందా అని. "అవసరం లేదు సార్" అంటే ఇంకో మనిషిని పిలవండి.