భర్తా అన్నా పచ్చడన్నా...

ముస్లిం ఇంట్లో రోజూ గోష్తే ఉడుకుతుందనుకుంటారు చాలామంది. భద్రాచలం అడవి అంచున బతికిన మాకు దసరా దాటిందంటే కాల్చిన వంకాయే కూర. సంతలో కోయ అక్కల దగ్గర కొన్న వంకాయలు, టమాటలు, పచ్చిమిరపకాయలు అమ్మీ నిప్పుల మీద కాల్చి, నల్లబడ్డ తోలు వలిచి, ఎల్లిపాయ, ఉప్పు వేసి మెదిపేది. మేం భర్తా అనేవాళ్లం, పక్కింటోళ్లు పచ్చడి అనేవాళ్లు. గిన్నెలు గోడ దాటేవి.

2014లో పోలవరం పేరు మీద ఏడు మండలాల ఊళ్లు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిసినయ్. మా సంతకు కూరగాయలొచ్చే ఊళ్లు కొన్ని అటు పోయినా మా వంట మారలేదు. పట్నంలో అద్దెకు ఇల్లు అడిగితే మాత్రం, మా పేరు వినగానే 'మాంసం వాసన మాకు పడదండీ' అంటారు.

కాలిన వంకాయ వాసన చూసి, ఇది తురకోళ్ల ఇల్లని ఎవరు చెప్పగలరు?