సత్యకామోపాఖ్యానం – యంత్రమేధ – ఒక ఉద్యోగాన్వేషణ

కృత్రిమ మేధ అన్న మాట వినగానే సాధకులలో కొందరికి కలవరం కలుగుతున్నది. యంత్రానికే బుద్ధి అబ్బితే జీవుని విశిష్టత ఏమైపోవాలి అని వారి సందేహం. సాంఖ్యం చదివినవారికి ఈ కలవరం అక్కరలేదు. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలను అనుసరించి బుద్ధి ప్రకృతి యొక్క ప్రథమ పరిణామం. మహత్తు అని దానికే మరొక పేరు. నిశ్చయించడం దాని లక్షణం. అయినా అది జడమే. పురుషుని సాన్నిధ్యం వలన చేతనమైనట్లు భాసిస్తుంది, అంతే. బుద్ధిని జడవర్గంలో చేర్చిన దర్శనం మనకు ఎన్నో శతాబ్దాలుగా ఉన్నది. జడపదార్థంతో నిర్మించిన యంత్రం బుద్ధివ్యాపారాలలో కొన్నిటిని అనుకరిస్తే సాంఖ్యుడు ఆశ్చర్యపడడు; ఆ వ్యాపారానికి సాక్షి ఎవరని మాత్రం అడుగుతాడు.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ లోకానికి అందినది మొదలు ఈ ప్రశ్న పండితగోష్ఠులను దాటి సామాన్య గృహాలలోనికి వచ్చింది. హైదరాబాదులో ఒక గృహిణి విషయంలో అది ఎంత సూటిగా వచ్చిందో పరిశీలించదగినది.

ఆమె వాణిజ్యశాస్త్ర పట్టభద్రురాలు. 2010 నుండి పదకొండేళ్ళు ఒక ప్రైవేటు సంస్థలో పద్దులు చూసింది. అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడగా 2021లో ఉద్యోగం మానింది. మూడేళ్ళ సేవ. అత్తగారు కాలం చేసి, సంవత్సరీకాలు జరిగిన పిమ్మట మళ్ళీ ఉద్యోగం వెదకడం ఆరంభించింది. భర్త జీతం ఇంటి అద్దెకూ, కుమార్తె ఇంటర్మీడియట్ ఫీజుకూ సరి. వైద్యానికి తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రమే కట్టగలుగుతున్నారు. ఆమె వయస్సు నలభై ఆరు.

నెలల తరబడి పంపిన దరఖాస్తులకు ప్రత్యుత్తరమే లేదు. పెద్ద సంస్థలలో చాలాచోట్ల రెజ్యూమే మొదట మనుష్యుని చేతికి వెళ్ళదు; ప్రకటనలోని పదాలు అందులో ఉన్నవో లేవో ఒక సాఫ్ట్‌వేర్ వెదికి వర్గీకరిస్తుంది. ఇది తెలిసిన మేనల్లుడు, "అత్తయ్యా, నీ పాత రెజ్యూమే, ఉద్యోగ ప్రకటన రెండూ దీనికి ఇవ్వు, అదే సరిచేస్తుంది" అని చాట్‌జీపీటీని చూపించాడు.

యంత్రం చేసిన మేలును ముందుగా చెప్పడం న్యాయం. ఆమె తన పదకొండేళ్ళ శ్రమను "అకౌంట్స్ పనులు" అన్న రెండు మాటలలో వ్రాసుకొన్నది. యంత్రం ప్రశ్నించింది: ఎన్ని శాఖల పద్దులు? నెలకు ఎన్ని బిల్లులు? ఏదైనా పెద్ద మార్పును నిర్వహించారా? సమాధానాలు చెబుతూ ఉండగా ఆమెకే మరపున పడినవి జ్ఞప్తికి వచ్చాయి. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చినప్పుడు మూడు శాఖల పద్దులను పాత వ్యాట్ పద్ధతి నుండి కొత్త పద్ధతికి మార్చినది ఆమెయే. రాత్రి పది గంటల దాకా కూర్చొని ట్యాలీలో సరుకు సరుకుకూ పన్నురేటు సరిచూసిన రోజులవి. అది చెప్పుకోదగిన విషయమని ఆమెకు ఎన్నడూ తోచలేదు. వినయం వేరు, తన్ను తాను మరచుట వేరు. గృహిణులలో ఈ రెండవది వినయంగా చలామణి అవుతూ ఉంటుంది.

అయితే సిద్ధమైన ప్రతిలో మరొకటి కూడా ఉన్నది. ఆ మూడేళ్ళ చోట "స్వతంత్ర ఆర్థిక సలహాదారు, చిన్న వ్యాపారసంస్థలకు సేవలు" అని ఇంగ్లీషులో చక్కని పంక్తి. ఆమె ఆ మాట చెప్పలేదు. సేవ చేశానని మాత్రమే చెప్పింది.

యంత్రం అబద్ధమాడిందా? అసత్యం పలకాలంటే సత్యం తెలిసి ఉండాలి. ఈ యంత్రం అపారమైన వాఙ్మయంలోని పదానుబంధాలను గ్రహించి, ఏ మాట తరువాత ఏ మాట రాదగునో లెక్కగట్టి వాక్యాన్ని అల్లుతుంది. రెజ్యూమేలలో ఖాళీలు సాధారణంగా కనబడవు. కనుక ఖాళీని పూరించింది. నైయాయికులు శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరించారు గాని, ఆ శబ్దం ఆప్తునిది కావాలన్నారు. విషయాన్ని యథార్థంగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లే తెలుపగోరేవాడు ఆప్తుడు. యంత్రానికి ఎరుకా లేదు, కోరికా లేదు. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన, ఎన్నడూ వెలువడని తీర్పులను నిజమైనవని న్యాయస్థానానికి సమర్పించి 5000 డాలర్ల జరిమానాకు గురైనారు. ఆ జరిమానా యంత్రానికి పడలేదు.

ఆ రాత్రి ఇంట్లో చర్చ జరిగింది. "ఎవరు చూడవచ్చారు అత్తయ్యా, అందరూ ఇలాగే వ్రాస్తున్నారు" అన్నాడు మేనల్లుడు. భర్త ఏమీ అనలేదు. వడ్డీ కట్టవలసిన తేదీ మరునాడు. వారిని తప్పుపట్టడం సులభం, ధర్మం కాదు. రెజ్యూమే చివర మన దేశపు ఆచారం ప్రకారం ఒక ప్రతిజ్ఞ ఉంటుంది: పై వివరములన్నియు నాకు తెలిసినంతవరకు సత్యములు అని. విచిత్రమేమంటే, ఆ ప్రతిజ్ఞను సైతం యంత్రమే వ్రాసి, దాని క్రింద ఆమె పేరు ఉంచి, సంతకానికి చోటు వదలింది.

గీత పదునెనిమిదవ అధ్యాయంలో కర్మకు హేతువులు ఐదు చెప్పబడినవి: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. యంత్రం ఎంత నేర్పుగలదైనా కరణం అన్న గదిలోనే ఇముడుతుంది. వదలిన ఆ చోటు కర్తది.

ఛాందోగ్యోపనిషత్తు నాల్గవ అధ్యాయంలోని సత్యకాముడు ఇటువంటి చోటు ముందే నిలబడ్డాడు. గురుకులంలో ప్రవేశం కోరి వెళ్ళేముందు తన గోత్రమేమని తల్లిని అడిగాడు. యౌవనంలో పరిచర్యలు చేస్తూ తిరిగిన కాలంలో నిన్ను కన్నాను, గోత్రం నేనెరుగనని జబాల చెప్పింది. ఏదో ఒక గోత్రం చెప్పుకోవడం ఆ బాలునికి కష్టం కాదు. అతడు హారిద్రుమత గౌతముని ఎదుట తల్లి చెప్పినదానిని చెప్పినట్లే నివేదించాడు. ఆ ఖాళీయే అతని యోగ్యతాపత్రమైనది. అతడు సత్యం నుండి తొలగలేదని సంతోషించి సమిధలు తెమ్మన్నాడు గురువు. తరువాతి ఘట్టాన్ని ప్రవచనకర్తలు త్వరగా దాటిపోతారు గాని, అది గమనింపదగినది. సత్యం చెప్పినందుకు ఆ బాలునికి వెంటనే లభించినవి నాలుగు వందల కృశించిన గోవులు. అవి వేయి అయ్యేవరకూ తిరిగి రానని అడవికి తోలుకొనిపోయాడు.

ఆమె ఆ పంక్తిని తొలగించి, కుటుంబంలో వృద్ధురాలి సేవార్థం విరామమని వ్రాసింది. ఇంగ్లీషు సరిచేయమని దానినే మళ్ళీ యంత్రానికి ఇచ్చింది. యంత్రం అంతే వినయంతో, అంతే చక్కగా సరిచేసింది. దానికి రెండూ సమానమే.

ఆ తరువాత ఒక సంస్థవారు పిలిచి, మూడేళ్ళ విరామం గురించే నాలుగుసార్లు ప్రశ్నించి, మళ్ళీ పలుకలేదు. మరి రెండు చోట్ల అది కూడా లేదు. చివరకు సికింద్రాబాదులో ఒక వృద్ధ ఆడిటర్ తన చిన్న కార్యాలయానికి పిలిచాడు. విరామం సంగతి అడుగనేలేదు. 2017లో పాత నిల్వల మీది పన్నును కొత్త పద్దులలోకి ఎట్లా తెచ్చారని అరగంట సేపు అడిగాడు. జీతం మునుపటి కంటె తక్కువ. "నీ నాలుగు వందల ఆవులు వచ్చాయి" అన్నాడు భర్త, నవ్వుతూనే.

సత్యకామ కథలో మరొక మర్మం ఉన్నది. అడవిలో అతనికి బ్రహ్మతత్త్వాన్ని పాదపాదంగా ఉపదేశించినవారు మనుష్యులు కారు: వృషభం, అగ్ని, హంస, మద్గువనే నీటిపక్షి. వారి ఉపదేశాన్ని అతడు తిరస్కరించలేదు. అయినా గోవులతో తిరిగివచ్చి, తనకు మనుష్యేతరులు చెప్పారని గురువుతో ఒప్పుకొని, మీరే ఉపదేశించాలని ప్రార్థించాడు.

ఆమె నేడు కార్యాలయంలో యంత్రాన్ని నిత్యం వాడుతున్నది. ఉత్తరాలకు, ఇంగ్లీషు సవరణకు, పెద్ద పట్టికలలో సూత్రాలు వ్రాయడానికి. ఖాతాదారుల పేర్లు, జీఎస్టీ సంఖ్యలు మాత్రం అందులో పెట్టదు. ఒక పన్ను నోటీసుకు జవాబు వ్రాయించినప్పుడు యంత్రం ఒక నోటిఫికేషన్ సంఖ్యను తేదీతో సహా ఉదాహరించింది. ప్రభుత్వ వెబ్‌సైటులో వెదకితే ఆ సంఖ్యతో అటువంటిదేదీ లేదు. ఆమె ఆ కాగితాన్ని ఆడిటర్ వద్దకు తీసుకొనిపోయి, ఇది యంత్రం వ్రాసినది, ఇక్కడ తప్పున్నది, సరియైన సెక్షను ఏదో చెప్పండని అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకొని, చట్టం పుస్తకం తీసి, ప్రక్కన కుర్చీ వేయించాడు.