నడకా, సంకల్పమూ

మన భాషలో నడక అనే మాట కాళ్లకు మాత్రమే చెందినది కాదు. కథ నడక అంటాం, పద్యం నడక అంటాం. పద్యానికి పాదాలున్నాయి, లయకు గతులున్నాయి. మనం నమ్మిన తత్వానికి కూడా గతితార్కిక భౌతికవాదమని పేరు పెట్టుకున్నాం. ఇన్ని అర్థాలకు ఆధారమైన అసలు నడకను గురించి మటుకు మనం ఆలోచించం. కాళ్లున్న మనిషి నడవాలనుకుంటే నడుస్తాడు, నడవటం లేదంటే నడవటం ఇష్టం లేదన్నమాట - ఇది లోకమంతా ఒప్పుకునే తర్కం. ఈ తర్కం తప్పని నిరూపించే జబ్బు ఒకటున్నది. దానితో బతికే మనిషిని దగ్గరినుంచి చూస్తున్నవాణ్ణి కాబట్టి దాన్ని గురించి నాలుగు మాటలు రాయదలచుకున్నాను.

పార్కిన్సన్ జబ్బును మనవాళ్లు వణుకుడు జబ్బంటారు. ఆయుర్వేదం కంపవాతమంటుంది. ఈ పేర్ల మూలాన అందరి దృష్టీ చేతుల వణుకు మీదనే ఉంటుంది. కాని జబ్బు ముదిరినకొద్దీ చాలామందిని కుంగదీసేది వణుకు కాదు, కదలిక ఆగిపోవటం. నడుస్తున్న మనిషి హఠాత్తుగా నిలిచిపోతాడు. పాదాలు నేలకు అతుక్కుపోయినట్టుంటాయి. శరీరం ముందుకు పోబోతుంది, పాదాలు రావు. మోకాళ్లు గజగజలాడతాయి. ఇది సాధారణంగా కొద్ది సెకన్లు, ఒక్కొక్కప్పుడు అర నిమిషానికి పైగా ఉండి, తరవాత ఏమీ జరగనట్టు నడక సాగుతుంది. డాక్టర్లు దీన్ని ఫ్రీజింగ్ అంటారు. మనం నడక స్తంభించటం అనవచ్చు. నడవాలనే ఉద్దేశం ఉండి కూడా అడుగు పడకపోవటమే స్తంభన అని డాక్టర్లు నిర్వచించారు. అంటే సంకల్పం ఉన్నదనేది ఆ నిర్వచనంలోనే ఇమిడి ఉన్నది.

మా నాన్నకు ఈ జబ్బు వచ్చి తొమ్మిదేళ్లయింది. ఆయన పల్లెటూరి బడిలో పంతులుగా పనిచేసి రిటైరయినాడు. ఉద్యోగమున్నంత కాలం బడికి నడిచే వెళ్లేవాడు. మూడేళ్లుగా ఆయన నడక స్తంభిస్తున్నది. గుమ్మం దగ్గర ఆగుతాడు. వెనక్కు తిరగబోతూ ఆగుతాడు. కుర్చీ రెండడుగుల దూరాన ఉన్నదనగా ఆగుతాడు. ఫోను మోగితే ఆగుతాడు. విచిత్రమేమిటంటే, మెట్లు మటుకు పట్టుకుని చక్కగా ఎక్కుతాడు.

ఇది చూసినవాళ్లు తలా ఒక మాటా అన్నారు. “ఒరే, మెట్లెక్కేవాడివి గుమ్మం దాటలేవట్రా? ఇదంతా నీ మొండితనం” అన్నాడు మా పెదనాన్న. పక్కింటావిడ భయమన్నది, ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు చేయించమన్నది. బస్సు ఫుట్‌బోర్డు ముందు ఆగిపోయినప్పుడు కండక్టరు “పొద్దున్నే తాగొచ్చావా, పెద్దాయనా?” అని కేకవేశాడు. నాన్న ఆ రోజునుంచి బస్సెక్కటం మానేశాడు. మొండితనం, భయం, తాగుడు - మాటలు మూడైనా తీర్పు ఒకటే. లోపం మనిషి సంకల్పంలో ఉన్నదట.

ఇది భావవాదం. తత్వశాస్త్ర గ్రంథాలలో కనిపించే భావవాదం కాదు, ఇళ్లలోనూ బస్సుల్లోనూ తిరిగే భావవాదం. సంకల్పమనేది లోపల సింహాసనం మీద కూర్చుని ఉంటుందనీ, కాళ్లూ చేతులూ బంట్ల మాదిరి దాని ఆజ్ఞలు పాటిస్తాయనీ దీని నమ్మకం.

ఈ జబ్బును మొదట వర్ణించిన మనిషి ఇట్లాంటి తీర్పు ఇవ్వలేదు. జేమ్స్ పార్కిన్సన్ లండన్‌లోని హాక్స్టన్‌లో వైద్యం చేసేవాడు. 1817లో ఆయన ప్రచురించిన చిన్న గ్రంథంలో ఆరుగురు రోగుల వృత్తాంతం ఉన్నది. అందులో కొందరు ఆయన వీధిలో చూసినవాళ్లే. వీళ్ల ఇంద్రియాలకూ బుద్ధికీ లోపం లేదని ఆయన స్పష్టంగా చెప్పాడు. తరవాతి పరిశోధన దీనికి కొంత సవరణ చేసింది గాని, రోగిని నిందించకుండా చూడటం ఆయనతోనే మొదలైంది. ఈ వైద్యుడికి మరొక జీవితం కూడా ఉన్నది. ఓల్డ్ హ్యూబర్ట్ అనే మారుపేరుతో ఆయన పేదల పక్షాన కరపత్రాలు రాశాడు. సామాన్యులకు ఓటుహక్కు కావాలన్న లండన్ కరస్పాండింగ్ సొసైటీలో సభ్యుడు. రాజును చంపటానికి కుట్ర జరిగిందన్న కేసులో 1794లో ప్రీవీ కౌన్సిల్ ఆయన్ను పిలిపించి ప్రశ్నించింది. వీధిలో పోయే మనిషిని పరిశీలించటం తెలిసినవాడికి ఆ మనిషి హక్కులు కూడా పట్టటం నాకు యాదృచ్ఛికంగా తోచదు.

తరవాతి చరిత్ర రసాయనశాస్త్రానిది. మెదడులో డోపమిన్ అనే పదార్థానికి స్వతంత్రమైన పని ఉన్నదని 1957 ప్రాంతంలో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ చూపాడు. ఈ జబ్బుతో చనిపోయినవారి మెదళ్లలో డోపమిన్ బాగా తగ్గిందని 1960లో వియన్నాలో హార్నికీవిచ్ ప్రకటించాడు. లెవోడోపాను తగినంత మోతాదులో నోటిద్వారా ఇచ్చి రోగులను కదిలించవచ్చునని 1967లో కోట్జియాస్ నిరూపించాడు. మూలపడ్డ మనుషులు లేచి నడిచారు. భౌతికవాదులకు ఇంతకన్న సంతోషకరమైన వార్త ఏముంటుంది?

అయితే ఇక్కడ మనం రెండో పొరపాటులో పడే ప్రమాదమున్నది. యంత్రంలో నూనె తగ్గింది, పోస్తే తిరుగుతుంది అనుకోవటం యాంత్రిక భౌతికవాదం. మందు అవసరమే, వేళకు పడితీరాలి. మందు ప్రభావం తగ్గిన గంటల్లోనే స్తంభన ఎక్కువ. కాని కొందరిలో మందు పనిచేస్తున్న గంటల్లో కూడా అది పూర్తిగా పోదు. మా నాన్న సంగతే చూడండి. అదే మనిషి, అవే కాళ్లు, మాత్ర వేసుకున్న అదే గంట. నున్నటి గచ్చుమీద ఆగిపోయినవాడు మెట్లమీద ఆగలేదు. మరి తేడా ఎక్కడ ఉన్నది? కాలికింద ఉన్నది.

ఈ సంగతి డాక్టర్లు ఎన్నడో గమనించారు. కదలలేని రోగి ఒక్కొక్క సందర్భంలో అకస్మాత్తుగా చురుకుగా కదలటాన్ని సూక్ అనే ఫ్రెంచి వైద్యుడు 1921లోనే వర్ణించాడు. పర్డన్ మార్టిన్ అనే ఆంగ్ల వైద్యుడు 1967లో ప్రచురించిన గ్రంథంలో నేలమీది గీతల సంగతి చెప్పాడు. నడిచే దారికి అడ్డంగా, అడుగుకొక గీత చొప్పున గీస్తే రోగి వాటిని దాటుతూ పోతాడు. దారి వెంబడి నిలువుగా గీసిన గీతలవల్ల ఆ ప్రయోజనం లేదు. 2010లో డచ్చి వైద్యులు ఒక రోగిని గురించి రాశారు. నాలుగడుగులు వేయలేక పడబోయే ఆ మనిషి సైకిలెక్కితే నిక్షేపంగా తొక్కుకుపోయాడు.

దీనికి వైద్యులు చెప్పే కారణం స్థూలంగా ఇది. అలవాటైన నడకను మనం ఆలోచించకుండా నడుస్తాం. లోపలినుంచి తనంతట తానుగా సాగే ఆ వరసను నడిపించేవాటిలో, మెదడు అడుగున ఉండే బేసల్ గాంగ్లియా ముఖ్యం. ఈ జబ్బులో దెబ్బతినేది ఆ ఏర్పాటే. కంటికి ఒక గీత కనిపించినా, చెవికి ఒక తాళం వినిపించినా, కదలికకు మెదడులో మరో దారి దొరుకుతుంది. అప్పుడు నడక అలవాటు కాదు, ఒక్కొక్క అడుగూ ఒక్కొక్క పని. మెట్టు ఎదురుగా ఉండి అడుగును అడుగుతుంది. నున్నటి నేల ఏమీ అడగదు.

మా ఇంట్లో మేము నేర్చుకున్నది ఇక్కడ చెప్పటం అవసరం. ఇట్లాంటి మనుషులున్న ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. మొదటి సంగతి, ఆగిన మనిషిని చెయ్యి పట్టుకు లాగకూడదు. లాగితే శరీరం వస్తుంది, పాదాలు రావు, మనిషి బోర్లాపడతాడు. తొందరపెట్టకూడదు. తొందరే స్తంభనకు ఒక కారణం. ఆగినప్పుడు పెనుగులాడటం మానాలి. నిటారుగా నిలబడి ఊపిరి తీసుకుని, బరువును ఒక కాలిమీదనుంచి రెండో కాలిమీదకు మార్చి, అప్పుడు ఒక పెద్ద అడుగు వేయాలి. మా అమ్మ దీన్ని నాలుగు మాటల్లో చెబుతుంది: “ఆగండి. నిలబడండి. ఊగండి. వేయండి.” అప్పటికీ పడకపోతే నా పాదాన్ని ఆయన పాదాల ముందు అడ్డంగా పెడతాను. ఆయన దాన్ని దాటుతాడు.

వెనక్కు తిరగవలసివస్తే ఉన్నచోట గిరుక్కున తిరగకూడదు. కళ్లంలో ఎడ్లు తిరిగినట్టు చుట్టుతిరిగి రావాలి. నడిచేటప్పుడు చేతిలో మంచినీళ్ల గ్లాసుండకూడదు, పక్కవాళ్లు కబుర్లు పెట్టకూడదు. మోగే ఫోను మోగనివ్వాలి. చాపలూ, పీటలూ, గుమ్మాల ముందు పట్టాలూ తీసేయాలి. నడవాలో అమ్మ మొదట సుద్దముక్కతో అడ్డగీతలు గీసింది. తడిగుడ్డ పెట్టగానే చెరిగిపోతున్నాయని తరవాత ఎర్రటి టేపు అంటించాం. ఇవన్నీ ఫిజియోథెరపీ తెలిసినవారి సలహాతో చేయటం మంచిది. ఒకరికి పనికివచ్చింది మరొకరికి పనికిరాకపోవచ్చు. కొన్నాళ్లకు గీత అలవాటైపోయి, కన్ను దాన్ని పట్టించుకోవటం మానుతుంది. ఏ ఉపాయమూ సాగని రోజులు కూడా ఉంటాయి. ఆ రోజుల్లో కుర్చీ దగ్గరకు తీసుకువెళ్లటమే ఉపాయం.

పల్లెలో మా పాత ఇంటి గడపలు ఎత్తయినవి, పసుపు రాసి బొట్లు పెట్టినవి. నాన్న అక్కడ గడపను చూసి కాలెత్తి దాటుతాడు. పట్నంలో మేముండే అపార్టుమెంటు గుమ్మాలకు గడపలు లేవు, ఆయన ఆగేది ఇక్కడే. ఇది వినగానే మన పూర్వీకులు సర్వజ్ఞులనీ, వాస్తు మహాశాస్త్రమనీ సంబరపడేవాళ్లుంటారు. నేను వాళ్లలో చేరను. ఆ గడపే కాలు సరిగా లేవని మరొక రోగిని తన్ని పడేస్తుంది. పసుపు గీత చేసే పని ఎర్ర టేపు కూడా చేస్తుంది.

చెవి విషయానికి వస్తే అది నేను పాఠం చెప్పే విషయమే. లయ పుట్టుక శ్రమలో ఉన్నదని కార్ల్ బ్యూఖర్ 1896లో వాదించాడు. ఆ మార్గంలోనే జార్జి థామ్సన్ కవిత్వం పుట్టుకను వివరించాడు. బిరుదురాజు రామరాజుగారి జానపదగేయ పరిశోధన 1958లో అచ్చయిన తరవాత, మన శ్రామికగేయాలను గురించి తరగతిలో చెప్పటం తేలికయింది. పల్లకీ బోయీల ఊతపదాలూ, పడవవాళ్ల హైలెస్సా, దంపుళ్ల పాటలూ శ్రమకు చేసిన అలంకారాలు కావనీ, పదిమంది కండరాలను ఒక్క క్షణంలో కదిలించే పనిముట్లనీ విద్యార్థులకు చెబుతుంటాను. ఒక తాళానికి అనుగుణంగా నడిపించి అభ్యాసం చేయిస్తే పార్కిన్సన్ రోగుల నడక వేగమూ, అడుగు పొడవూ పెరిగినట్టు 1996లో మైకేల్ థాట్ బృందం ప్రకటించింది. నేను నాన్న పక్కన నడుస్తూ చతురస్రగతిలో తకధిమి అంటాను. ఆయన ఎక్కాలు చెప్పించిన పంతులు కాబట్టి “ఒకటీ, రెండూ” అంటాడు. పాట జబ్బును నయంచేస్తుందని నేను అనటం లేదు. ఒక మనిషిలో లోపించిన లయను పక్కమనిషి బయటినుంచి ఇవ్వగలడని మటుకు అంటున్నాను. శ్రామికులు ఎప్పుడూ ఒకరికొకరు ఇచ్చుకున్నది అదే.

ఇక వీధి సంగతి. వికలాంగుల హక్కుల చట్టం 1995లో 7 రకాల వైకల్యాలను గుర్తించింది. దాని స్థానంలో 2016లో వచ్చిన చట్టం 21 రకాలను గుర్తించింది. పార్కిన్సన్ జబ్బు వాటిలో ఒకటి. మా వీధిలో పేవ్‌మెంటు మీద ట్రాన్స్‌ఫార్మరున్నది, మోటారుసైకిళ్లున్నాయి. బస్సు మొదటి మెట్టు మోకాటి ఎత్తున ఉంటుంది. తొందర, ఇరుకు, గుంపు - ఇవి స్తంభనను తెచ్చిపెట్టే కారణాలని వైద్యశాస్త్రమే చెబుతున్నప్పుడు, కండక్టరు కేక జబ్బుకు బయటిదని ఎట్లా అనగలం? అది కూడా కాళ్లను పట్టేసిన కారణాలలో ఒకటి. కండక్టరు ఒక్కణ్ణి తిట్టీ లాభం లేదు. అతన్ని ట్రిప్పుల లెక్క తరుముతూంటుంది.

మా నాన్నకు పెన్షనున్నది, అమ్మ ఉన్నది. ఆయన పక్కన నిలబడి నిరీక్షించటం ఆమెకు రోజంతా పని. కుటుంబప్రేమ అనే పేరుతో ఏ లెక్కలోకీ రాని శ్రమ అది. ఇదే జబ్బు ఒక తాపీపనివాడికి వస్తే? అతని భార్య కూలి మానుకుని ఇంట్లో గీతలు గీస్తూ కూర్చోగలదా? లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నది. జాబితాలో ఉండటం వేరు, పల్లెలో నెలనెలా చేతికి అందటం వేరు.

చివరగా మనలో మనం మాట్లాడుకోవలసిన మాట ఒకటున్నది. అభ్యుదయ సాహిత్యం నడకను తన ముఖ్య ప్రతీకగా చేసుకున్నది. ముందుకు పోయేవాడు చైతన్యవంతుడు, ఆగినవాడు అభివృద్ధి నిరోధకుడు. చరిత్ర విషయంలో ఈ ప్రతీక మనకు చాలా ఉపకారం చేసింది, దాన్ని వదులుకోమని నేననను. కాని ప్రతీకను మనుషుల మీద యథాతథంగా ప్రయోగిస్తే మనమూ మా పెదనాన్న పక్షానే చేరతాం. మన ఊరేగింపులు కూడా బలమైన కాళ్లున్నవాళ్ల వేగంతోనే సాగుతున్నాయి. వెనక ఎవరైనా ఆగారా అని తిరిగి చూసే అలవాటు మనకూ తక్కువే.

అప్పుల్లో మునిగిన రైతును సోమరి అంటే మనం ఊరుకోం, అతని పొలాన్నీ మార్కెట్టునూ చూపిస్తాం. బడి మానేసిన పిల్లవాడికి చదువుమీద శ్రద్ధ లేదంటే అతని ఇంటి పరిస్థితి అడుగుతాం. నిలిచిపోయిన మనిషి విషయంలోనూ ఆ పద్ధతే వర్తిస్తుంది. ధైర్యం తెచ్చుకోమని అతనికి చెప్పవలసిన పనిలేదు, ధైర్యం అతని దగ్గర ఉన్నది. అతనికి కావలసినవి వేళకు మందు, అడ్డంగా ఒక గీత, దాటటానికి తగిన వ్యవధి, పక్కన తొందరపడని మనిషి. వీటిలో సంకల్పంతో సమకూరేది ఒక్కటీ లేదు. అన్నీ ఇతరులు సమకూర్చవలసినవే.