ఒకే చదువు, రెండు కళాశాలలు

మా పెద్దమ్మాయి జీవశాస్త్రము జదువ నిశ్చయించుకొన్నది. చిక్కు చదువును గూర్చి కాదు, కళాశాలను గూర్చి వచ్చినది. ఈ పాఠశాలలో జదివి వెడలిన నేను చాలకాలముగ న్యూయార్కు రాష్ట్రమున గాపురముంటిని. ఆ రాష్ట్రమందలి ఇథాకా పట్టణమున, కయూగా సరస్సునకు పై మెట్టమీద, 1865లో స్థాపితమైన కార్నెల్ విశ్వవిద్యాలయము గలదు. అందు జీవశాస్త్రపు బట్టమును రెండు కళాశాలల ద్వారా పొందవచ్చును. ఒకటి కళలకును విజ్ఞానములకును ఏర్పడినది. రెండవది వ్యవసాయ జీవశాస్త్రములది. దరఖాస్తులో ఒకదానినే కోరవలెను.

విచారింపగా ముఖ్య పాఠములలో భేదము కానరాలేదు. జన్యుశాస్త్రమును, జీవరసాయనమును రెండు కళాశాలలవారును ఒకే గదిలో గూర్చుండి విందురు. ప్రయోగశాలలును అవియే. భేదమంతయు తక్కిన నిబంధనలలో నున్నది. మొదటిదానిలో పరభాష నొకదానిని తప్పక నేర్వవలెను; పట్టము బి.ఏ. జీవశాస్త్రమునకు బి.ఏ. యనిన మనవైపు నవ్వుదురు గాని యచ్చట వింత లేదు. రెండవదానిలో పరభాషా నిర్బంధము లేదు, పట్టము బి.యస్. అది రాష్ట్రప్రభుత్వ ధనసహాయము నందునది గావున ఆ రాష్ట్రవాసులకు జీతము చాల తక్కువ. నెలజీతముతో నిల్లు గడపుచు, చదువవలసిన కుమారుడు మఱియొకడు గల నావంటివానికి ఇది చిన్నమాట గాదు. బాలబాలికలారా, మీరును కళాశాల పేరు చూచుటకు ముందు నిర్బంధ పాఠముల పట్టిక జదువుడు.

ఇంతలో మా నాయనగారు తెనాలి నుండి టెలిఫోనులో మాటలాడిరి. "రెండెకరముల మాగాణి యమ్మి నిన్ను జదివించితినిరా! మనుమరాలు అంతదూరమున మరల వ్యవసాయపు బడిలో జేరవలెనా? నలుగురడిగిన నేమి చెప్పుదును?" ఆయన గొంతులో కోపము కంటె నొప్పియే యెక్కువ.

నేను బార్బరా మెక్లింటాకు సంగతి చెప్పితిని. ఆమె 1919లో ఆ వ్యవసాయ కళాశాలలోనే చేరి, 1923లో పట్టమును, 1927లో ఆ విశ్వవిద్యాలయమందే డాక్టరు బిరుదమును బొందెను. తరువాత మొక్కజొన్న గింజలపై రంగుల మచ్చలను బరీక్షించి, జన్యుపదార్థములో కొన్ని భాగములు తావులు మార్చుకొనునని కనిపెట్టెను. దానికై 1983లో నోబెలు బహుమాన మందెను.

నాయనగారు కొంతసేపు పలుకలేదు. "మొక్కజొన్న మీదనా?" యని మాత్ర మడిగిరి.

తుదకు అమ్మాయి తానే వ్యవసాయ కళాశాల పేరు వ్రాసినది. ఫ్రెంచి భాషను నిర్బంధము లేకయే నేర్చుకొందునని చెప్పి, దరఖాస్తు రుసుమునకు నా కార్డు నడిగి తీసికొన్నది. వాళ్లమ్మ మాత్రము మొదటి కళాశాలయే గౌరవమని యింకను వాదించుచున్నది. ఫలితము తెలియుటకు కొన్ని వారములున్నవి.