పదహారు మందికీ సరిపోయిన లెక్క

సంక్రాంతి ముందు, తెనాలి పక్కనున్న మా అమ్మమ్మగారి ఊళ్ళో కుప్పనూర్పుళ్ళు మొదలయ్యాయంటే ఇంటిల్లిపాదికీ కళ్ళంలోనే కాపురం. పేడతో అలికిన నేల వాసన, కొత్త వరిగడ్డి వాసన, తెల్లవారుజాము మంచుకి తడిసిన గోనెసంచుల వాసన అన్నీ కలిసిపోయి, ఇప్పటికీ పుష్యమాసం రాగానే నా ముక్కుకి అవే తగులుతాయి. తాతయ్య కుంచంతో ధాన్యం కొలుస్తూ ఒకటికి బదులు "లాభం" అని మొదలుపెట్టి, ఏడు దగ్గరికొచ్చేసరికి "ఆరున్నొకటి" అని దాటేవాడు. వడ్రంగికీ, కమ్మరికీ, కుమ్మరికీ మేర గింజలు కొలిచాకే మా గాదెకి. ఎవరి వాటాలోనూ ఒక్క గింజ అటూ ఇటూ కాకూడదని ఆయన పట్టుదల.

ఆ పట్టుదలే పెద్దమావయ్యకి లెక్కల్లో వచ్చింది. హైస్కూల్లో లెక్కల మాస్టారు. రాత్రి అన్నాలయ్యాక లాంతరు పక్కన పెట్టుకుని, వీధరుగు మీద బొగ్గుముక్కతో 7,20,720 అని రాసి, "ఎంతమందికి పంచుతావో పంచవే" అనేవాడు. ఇద్దరికి, ముగ్గురికి, ఏడుగురికి, పదమూడు మందికి... పదహారు దాకా ఎవరికి పంచినా శేషం సున్నాయే. ఒకటి నించి పదహారు దాకా అన్నిటితోనూ నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యల్లో ఇదే అన్నిటికన్నా చిన్నదట. కిటుకు అడిగితే, 720ని పక్కపక్కన రెండుసార్లు రాశాను చూడు, అంటే వెయ్యిన్నొకటితో గుణించినట్టేగా అనేవాడు. ఏడు పదకొండ్లు డెబ్భై ఏడు, డెబ్భై ఏడు పదమూళ్ళు వెయ్యిన్నొకటి. ఆ ముగ్గురు మొండివాళ్ళూ అందులో ఉన్నారు. తక్కినవాళ్ళ సంగతి చాలామటుకు 720 చూసుకుంటుంది. పద్నాలుగుకి మాత్రం ఇందులోంచి రెండు, అందులోంచి ఏడు.

ఒక రాత్రి అలా పంచుకుంటూ పోతే పదిహేడు దగ్గర ఆగిపోయింది. వాటాకి 42,395 పోగా ఐదు మిగిలాయి. పిచ్చుకల కోసం వరికంకులు కుచ్చుగా అల్లుతున్న అమ్మమ్మ, "ఆ ఐదూ వీటికెయ్యండర్రా" అంది.

కాలేజీకి వెళ్ళాక తెలిసింది, ఆ సంఖ్యకి 240 భాజకాలున్నాయనీ, దానికన్నా చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవనీ, అలాంటి సంఖ్యల గుణగణాల మీదే రామానుజన్ కేంబ్రిడ్జిలో ఉండగా 1915లో పెద్ద వ్యాసం అచ్చువేశాడనీ. ఎవరికీ లొంగవని ప్రధాన సంఖ్యల్ని లోకం మెచ్చుకుంటుంది. నాకు మాత్రం ఇలా అడిగినవాడికల్లా వాటా పెట్టేవంటేనే ప్రాణం.

ఆ రాత్రి మా తమ్ముడు ఊరుకోలేదు. "పదిహేడోవాడు ఏం పాపం చేశాడు మావయ్యా?" అని బిక్కమొహం పెట్టాడు. "సరే, వాణ్ణీ కలుపుదాం" అని మావయ్య పదిహేడుతో గుణించాడు: 1,22,52,240. పద్ధెనిమిదికి కొత్తగా ఏమీ అక్కర్లేకపోయింది, రెండూ తొమ్మిదీ ముందే లోపలున్నాయి. పంతొమ్మిది కోసం ఇంకోసారి గుణిస్తే 23,27,92,560 అయింది, ఇరవై కూడా అందులోనే సర్దుకుంది. ఆ గుణకారానికి అరుగు మీద చోటు చాలక అంకెలు స్తంభం దాకా పాకాయి.